కౌసల్య టీచరు వారంటీ కాగితం

కౌసల్య టీచరు మఠంలోకి వచ్చిన ఊపుకు ఆమె చెప్పుల్లో ఒకటి గడప ఇవతల, ఒకటి అవతల పడ్డాయి. భుజానికున్న నల్లసంచిని మాత్రం నిద్రపోయే పిల్లను దించినట్టు మెల్లగా చాప మీద దించింది.

"అయ్యా, వాళ్ళు మనుషులేనా?" అంది.

నాగలింగాచారి చిల్లిపడ్డ ఒక ఇత్తడి బిందెకు మాటు వేస్తున్నాడు. జనగామ దగ్గరి ఆ ఊళ్ళో ఆయన కంచరి పని చేసేవాడు. తత్వాలు పాడి, వాటి అర్థం చెప్పే గురువు కూడా ఆయనే. కొలిమి పక్కనే మఠం, మఠం పక్కనే కొలిమి. ఆయన బిందె మీంచి కళ్ళు తీయకుండా తలూపాడు. ఎవరు వాళ్ళు అని అడగలేదు. నెల రోజులుగా మఠంలో 'వాళ్ళు' అంటే ఒక్కళ్ళే, హనుమకొండలో లాప్‌టాప్ సర్వీస్ సెంటర్ వాళ్ళు.

సంగతి ఇదీ. నాగలింగాచారికి తన గురువు నేర్పిన తత్వాలు అరవైరెండు. ఏ పుస్తకంలోనూ లేవు, ఆయన గొంతులోనే ఉన్నాయి. మఠంలో నాలుగు అక్షరాలు బాగా చదువుకున్నది బడిలో తెలుగు చెప్పే కౌసల్య ఒక్కతే. అందుకని అందరూ కలిసి ఒక లాప్‌టాప్ కొనే పని ఆమెకే అప్పగించారు. ఏడాది పాటు సెలవు దొరికినప్పుడల్లా ఆయన ముందు కూర్చుని, ఒక్కో తత్వం ఫోన్లో రికార్డు చేసి, దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఫోన్ నిండిపోతుంది కదా అని అందులోంచి తీసేసింది. అరవైరెండోది పాడిన మర్నాడే ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆయన మాట పక్కన కూర్చున్నవాళ్ళకు వినిపిస్తే గొప్ప. పాట సంగతి ఇక మాట్లాడుకోవడం దండగ.

దసరా వెళ్ళిన నాలుగో రోజు లాప్‌టాప్ వెలగలేదు.

మూడేళ్ళ వారంటీ ఉంది కదా అని కౌసల్య ధీమాగా బస్సెక్కింది. సర్వీస్ సెంటర్లో యంత్రాన్ని విప్పి, చూసి, మళ్ళీ సీలు వేసి ఒక చీటీ చేతిలో పెట్టారు. 'లోపల తడి, పసుపు రంగు మరక. ద్రవం వల్ల నష్టం. వారంటీ వర్తించదు.' అంతే, చేతులు దులుపుకున్నారు.

కౌసల్యకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! ఆ యంత్రం అమ్మిన రోజు షోరూమ్ ఓనరు తన చేతులతో గంధం అద్ది, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఇచ్చాడు. ఫొటో కూడా తీశారు. నవ్వుతున్న ఓనరు, నవ్వుతున్న కౌసల్య, మధ్యలో మూత మీద ఎర్రబొట్టుతో లాప్‌టాప్. 'మూడేళ్ళ వారంటీ మేడం, కళ్ళు మూసుకుని తీసుకోండి' అన్నాడు. ఈమె నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకుంది.

"వాళ్ళే బొట్టు పెట్టి అమ్మాలె, మళ్ళ వాళ్ళే మరకున్నదని తిప్పి పంపాలె. అమ్మేటప్పుడు మహాలక్ష్మి, చెడిపోతే మైలబట్ట!" అంది కౌసల్య. "వారానికి రెండుసార్లు చొప్పున తిరిగిన. ఒకడు పై ఆఫీసు అంటడు, ఒకడు మెయిల్ పెట్టు అంటడు. గోడకు చెప్పుకున్నా అంతే. ఫొటో పెట్టి, వినియోగదారుల ఫోరంకు పోత అని రాస్తే ఇయ్యాల దారికొచ్చిండ్రు. రేపు రమ్మన్నరు. మేనేజరు మాట్లాడతడట."

నాగలింగాచారి బిందెను తిరగేసి, మాటు వేసినచోట వేలితో తట్టి చూశాడు.

"కాగితం ఉందా?" అన్నాడు.

"ఏ కాగితం?"

"వారంటీది."

ఉంది. కొన్న రోజు వచ్చిన ప్లాస్టిక్ కవరులో, కవరు చింపకుండానే ఉంది. దేవుడి గూట్లో పెట్టి రోజూ దండం పెట్టుకుంది గానీ ఒక్క ముక్క చదవలేదు. చదివి ఏం చేస్తుంది, షోరూమ్ ఆయన అంత బాగా చెప్పాక! తెలుగులో ఒక్క అక్షరం తప్పు పడితే పిల్లల చేత పదిసార్లు రాయించే మనిషి ఆమె. ఆ మాట తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, కానీ ఆమె ముందు నవ్వే ధైర్యం ఎవరికుంది.

"రేపు దాన్ని తెచ్చుకో," అన్నాడు గురువు. "నేను గూడ వస్త."

*

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటగానే, "చదువు" అన్నాడు.

మఠంలో తత్వం నేర్చుకునే పద్ధతి ఒకటుంది. ఒక్క చరణం చదవాలి, ఆగాలి, అర్థం చెప్పాలి. గురువుకు ఒప్పుదల అయితేనే తర్వాతి చరణం. వారంటీ కాగితాన్ని కూడా అలాగే చదవమన్నాడాయన. అంతా ఇంగ్లీషు, అదీ ఆవగింజలంత అక్షరాలు. అమ్మే మాటలు పెద్ద పెద్ద బోర్డుల మీద, అమ్మాక వచ్చే మాటలు భూతద్దం కిందా! ఇలాంటి కాగితం అచ్చు వేసినవాడి చేత వాళ్ళ ముసలి అమ్మ ముందు ఒకసారి చదివించాలి.

కౌసల్య చదివి తెలుగులో చెబుతూ వచ్చింది. మూడేళ్ళన్నది యంత్రానికే. బ్యాటరీకి, చార్జరుకు ఏడాదే. కింద పడితే వర్తించదు, నీళ్ళు పడితే వర్తించదు, కరెంటు హెచ్చుతగ్గులకు వర్తించదు. నీళ్ళు, దెబ్బలు కూడా వర్తించాలంటే వేరే పథకం ఉంటుంది, కొన్న నెలలోపు తీసుకోవాలి. బయట ఎవరైనా సీలు విప్పితే మొత్తం రద్దు.

"వేరే పథకం ఉందని ఆ మహానుభావుడు ఒక్క మాటన్నడా?" అంది కౌసల్య.  "నేనడిగిన గూడ. ఇంకేమన్న ఉందా అని. ఏం లేదు మేడం, టీ తాగండి అన్నడు."

"ఊఁ. చదువు."

ఆమె చదివింది. ఏడో అంశం దగ్గర ఆయన చెయ్యి ఎత్తాడు.

"మళ్ళ చదువు."

మళ్ళీ చదివింది. 'వారంటీ కింద మార్చిన పాత భాగాలు కంపెనీకి చెందుతాయి.' తలూపి, ముందుకు పోయింది. నిజానికి ఆమె కళ్ళు కాగితం మీదున్నాయి గానీ మనసు మేనేజరు మీదుంది. ఎక్కడ ఏ ముక్క పట్టుకుని వాడి నోరు మూయించాలా అని వెతుక్కుంటోంది. బొట్టు పెట్టకూడదని ఎక్కడా లేదు! అది చాలు. నీళ్ళు పడితే వర్తించదన్న అంశం కింద పెన్నుతో గీత గీసుకుంది.

నాగలింగాచారి కాగితం అడిగి తీసుకుని మడిచి కండువా కొసన ముడి వేసుకున్నాడు. 

*

సర్వీస్ సెంటర్లో అమ్మే చోట ఉండే అద్దాలు, పూలకుండీలు ఏమీ ఉండవు. ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను, నంబరు చీటీలు. బల్ల నిండా మనుషులు, మనుషుల ఒళ్ళో యంత్రాలు.

తర్వాతి గంటసేపు కౌసల్య చెవులారా విన్నది ఒకే పాట. డిగ్రీ చదివే అమ్మాయి స్క్రీన్ పగిలింది, 'వర్తించదు'. విత్తనాల కొట్టు ఆయన బ్యాటరీ పద్నాలుగు నెలలకే ఉబ్బింది, 'వర్తించదు'. ఒకాయన యంత్రం లోపల చీమలు పుట్ట పెట్టాయి, ఆయనకైతే ఆ మాట కూడా పూర్తిగా చెప్పలేదు, చెయ్యి అడ్డంగా ఊపారు. కౌంటరు దగ్గర్నుంచి వెనక్కొచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు.

"కొన్నప్పుడు ఎవరూ చెప్పలే."

కౌసల్యకు అందరి తరఫునా కోపం వచ్చింది. విత్తనాల కొట్టాయనతో అంది, "ఊరుకోకండన్నా, రాయండి. రాస్తేనే దిగొస్తరు." ఫోనులో ఉన్న షోరూమ్ ఫొటో తీసి చూపించింది. బొట్టు కథ చెప్పింది. బల్ల మీదున్నవాళ్ళంతా అయ్యో అన్నారు, తిట్టారు, ఈమె పక్షం చేరారు. నాగలింగాచారి అంతా వింటూ కూర్చున్నాడు. శిష్యురాలు ఎవరికి చెప్పినా బొట్టు కథే చెబుతోంది. దసరా రోజు కథ ఎవరికీ చెప్పడం లేదు.

ఇంతలో పిలుపు వచ్చింది.

మేనేజరుకు ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో పట్టీ, నుదుట విభూతి. మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, షోరూమ్ డెలివరీ అప్పుడే గంధం, కుంకుమ పెట్టినట్టు ఫొటోలో ఉంది. దాన్ని బట్టి పై ఆఫీసు ప్రత్యేకంగా ఒప్పుకుంది. బోర్డు, డిస్కు అన్నీ కొత్తవి వేసి ఇస్తాం. మీ వల్ల తడి తగల్లేదని ఇక్కడ రాసి, సంతకం చేయండి."

కౌసల్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల రోజులు కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. గెలిచింది. పెన్ను అందుకుని రాయవలసింది రాసి, కింద సంతకం మొదలుపెట్టింది. 'క' రాసి, దానికి ఔత్వం ఇవ్వబోతోంది.

"నాయనా," అన్నాడు నాగలింగాచారి.

ఆ గొంతు వినాలంటే మేనేజరు బల్ల మీదికి వంగవలసి వచ్చింది.

"దసరానాడు పసుపునీళ్ళు చల్లింది నేను. మా మఠంల పనిముట్లకు పూజ చేస్తం. నా సుత్తె, పట్టకారు, తంబూర అన్నీ వరుసకు పెట్టి, దీన్ని గూడ పెట్టినం. మామిడాకుతోటి మూడుసార్లు చల్లిన. మూత తెరిచే ఉండె."

కౌసల్య పెన్ను కాగితం మీదే ఆగింది.

మేనేజరు కౌసల్య వైపు చూశాడు. కౌసల్య కాగితం వైపు చూసింది. ఆమె చేతి కింద నుంచి మేనేజరు ఆ కాగితాన్ని నెమ్మదిగా లాక్కున్నాడు. అంత నెమ్మదిగా లాగడం కూడా ఆమెకు అవమానంగానే తోచింది.

"అయితే కుదరదు మేడం," అన్నాడు.

*

పదహారేళ్ళుగా మఠానికి వస్తున్న కౌసల్య గురువు ముందు ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు సర్వీస్ సెంటర్ మెట్ల మీద, నడిబజారులో, ఒంటికాలి మీద లేచింది.

"ఎందుకు నోరు తెరిచిండ్రు అయ్యా మీరు? ఎవరడిగిండ్రు మిమ్మల్ని? నెల రోజులు తిరిగిన నేను! బడికి సెలవులు పెట్టుకుని తిరిగిన. వాళ్ళు అన్ని అబద్ధాలు చెప్పి అమ్మితే ఏం కాలేదు, మనం ఒక్కటి దాచిపెడితే కొంపలు మునిగినయా? మీరు చల్లిండ్రని నాకు తెల్వదా? తెలిసే ఎవరికీ చెప్పలే. మఠంల గూడ చెప్పలే. గురువే పాడుచేసిండని రేపు నలుగురు అంటరని..."

అక్కడ ఆగిపోయింది. అనకూడనిది అనేసింది.

నాగలింగాచారి మెట్టు మీద కూర్చున్నాడు. సీసాలో నీళ్ళు తాగాడు. గొంతు ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆయన గుక్కెడు నీళ్ళు తాగడానికి చాలాసేపు పడుతుంది. కౌసల్యకు ఆ కాసేపూ కోపం తగ్గకపోగా, ఆయన మెడ మీది కుట్ల గుర్తు చూసి ఏడుపు కూడా కలిసింది.

ఆయన కండువా ముడి విప్పి కాగితం ఇచ్చాడు.

"ఏడోది."

"చదివిన కదా!"

"చదివినవా, వాళ్ళ తప్పు వెతికినవా?"

కౌసల్య విసురుగా కాగితం విప్పింది. ఏడో అంశం. 'వారంటీ కింద మార్చిన పాత భాగాలు కంపెనీకి చెందుతాయి.' బస్సులో ఆగింది అక్కడే. దాని కింద ఇంకో వరుస ఉంది, ఇంకా చిన్న అక్షరాల్లో. 'అందులోని సమాచారాన్ని తిరిగి ఇచ్చే బాధ్యత కంపెనీకి లేదు.'

బోర్డు, డిస్కు అన్నీ కొత్తవి వేసి ఇస్తామన్నాడు మేనేజరు.

ఆమె మెట్టు మీద కూలబడింది. సంతకం పూర్తయి ఉంటే సాయంత్రానికి ధగధగలాడే యంత్రం చేతికొచ్చేది. అరవైరెండు తత్వాలున్న పాత డిస్కు వాళ్ళ బుట్టలోకి పోయేది. నెల రోజులు తను అంత కష్టపడి, అంత న్యాయంగా, అంత పట్టుదలగా పోట్లాడింది దానికోసమా?  అడగకుండా ఉండలేకపోయింది.

"అయ్యా, నిజం చెప్పాలని చెప్పిండ్రా, డిస్కు పోతదని చెప్పిండ్రా?"

ఆయన మళ్ళీ సీసా అందుకున్నాడు. ఇంకో గుక్క నీళ్ళు తాగాడు.

టీకి బయటికొచ్చిన ఒక టెక్నీషియన్, లోపల మాటలన్నీ విన్నవాడే, వాళ్ళ ముందు ఆగాడు. అటూ ఇటూ చూసి, "అమ్మా, ఇంక వారంటీ లేదని తేలిపోయింది కాబట్టి సీలు మీ ఇష్టం," అన్నాడు. "పోయింది బోర్డు. డిస్కు వేరే ముక్క, ఊడదీయొచ్చు. మేం బయటికి తీసి ఇవ్వకూడదు, రూల్ ఒప్పుకోదు. వెనక గల్లీలో బషీర్ భాయ్ అని ఉంటడు."

"మరి నెల సంది ఈ మాట ఒక్కరూ చెప్పలేదేందయ్యా?" అంది కౌసల్య. మళ్ళీ గొంతు లేచింది.

"మీరు అడిగింది వారంటీ గురించే కదమ్మా," అన్నాడు టెక్నీషియన్. "లోపల ఏముందో మీరు ఒక్కసారి కూడా చెప్పలే."

అది నిజం. నెల రోజుల్లో ఆమె ప్రతి మనిషికీ బొట్టు గురించి చెప్పింది. పాటల గురించి ఒక్కళ్ళకూ చెప్పలేదు. సీలు విప్పితే హక్కు పోతుందని సెంటర్లో ఎవరో అన్న మాట పట్టుకుని, లేని హక్కును కాపాడుకుంటూ, బయట ఎవరి చేతా యంత్రాన్ని ముట్టనివ్వలేదు.

*

బషీర్ కొట్టు నాలుగడుగులు ఉంటుందో లేదో. ఆయన యంత్రాన్ని తీసుకోలేదు, ముందు చేతులు కట్టుకుని మాట్లాడాడు.

"ముందుగాల చెప్తున్న, తర్వాత నన్ననొద్దు. బోర్డు బాగయితదని నేను మాటివ్వ. డిస్కు దొరుకుతదనుకుంటున్న, కానీ తడి దాంట్లకు పోయి ఉంటే నా చేతుల లేదు. అప్పుడు నేను ఇంక ముట్ట, పెద్ద ల్యాబుకు పంపాలె, చానా అయితది. విప్పేది మీ ముందే విప్పుత. ఊడదీసిన ప్రతి ముక్క మీకే ఇస్త."

కౌసల్య గురువు వైపు తిరిగింది. నాగలింగాచారి అప్పటికే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కానివి, కుదరనివి అన్నీ ముందే చెప్పి తర్వాత యంత్రానికి చెయ్యి చాపిన మనిషిని ఆ రోజుకు ఆయన చూడటం అదే మొదలు.

బషీర్ సీలు చింపాడు. మరలు విప్పాడు. కీబోర్డు కింద బోర్డు మీద పసుపు మరక పాకి ఎండిపోయి ఉంది. కుంకుమ రంగు ఎక్కడా లేదు. కౌసల్య తల దించుకుంది. షోరూమ్ ఆయన బొట్టు మూత మీదే ఉండిపోయింది పాపం. నెల రోజులుగా ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆ వేరే పథకం దాచినందుకు ఆ తిట్లలో సగం న్యాయమే అనుకోండి.

డిస్కు చూపుడు వేలంత ముక్క. దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి బషీర్ తన కంప్యూటరుకు తగిలించాడు. ఫైళ్ళు వరుసగా వచ్చాయి. ఒకటి నొక్కాడు.

ఆ నాలుగడుగుల కొట్టులో నాగలింగాచారి గొంతు లేచింది. ఆపరేషన్‌కు ముందటి గొంతు. నిండుగా, కొంచెం ముక్కుతో, చరణం చివర సాగదీస్తూ. పక్కకొట్టువాళ్ళు తొంగి చూశారు. కౌసల్య రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. గురువు తల ఒక పక్కకు వాల్చి, ఎవరో ఊరిమనిషి పాడుతుంటే విన్నట్టు విన్నాడు.

యాభై తొమ్మిది దొరికాయి. చివరి మూడూ దొరకలేదు. ఆపరేషన్ ముందురోజు తొందరలో ఎక్కించినవి, సగం ఎక్కి ఆగిపోయినవి. ఎక్కాయో లేదో చూడకుండానే కౌసల్య ఫోన్లోంచి తీసేసింది. ఇందులో కంపెనీది తప్పు లేదు, షోరూమ్‌ది లేదు, గురువుది అసలే లేదు. తిట్టడానికి ఎవరూ దొరకని తప్పు ఎంత బరువుంటుందో ఆమెకు అక్కడ తెలిసింది.

తిరుగు బస్సులో ఆమె డిస్కును పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక నాగలింగాచారి ఆమె చెవి దగ్గరికి వంగి, ఆ మూడింటిలో మొదటిదాని పల్లవి చెప్పాడు. పాడలేడు కదా, మాటలే చెప్పాడు. కౌసల్య అర్థం కానట్టు చూసింది. ఆయన మళ్ళీ చెప్పి, వేళ్ళతో తాళం వేశాడు. జనగామ వచ్చేసరికి, రికార్డు చేసిన రోజు విన్న బాణీలోనే, కౌసల్య గొంతులో ఆ తత్వం నిలబడింది.

*

మఠం పని ఆగలేదు. యాభై తొమ్మిదీ విని అక్షరాల్లో పెట్టాలి. బోర్డు బాగుపడదని బషీర్ తేల్చేశాడు. ఇంకో లాప్‌టాప్ కొనక తప్పదు. ఈసారి కూడా కొనేది కౌసల్యే అని మఠంలో అన్నప్పుడు ఆమె వద్దంది. గురువు వినలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

ఇది వేరే షాపు. అవే అద్దాలు, అదే చల్లగాలి. అమ్మే మనిషి రంగులు చూపించాడు, వేగం చెప్పాడు, అరచేతిలో వైకుంఠం చూపించాడు. "మూడేళ్ళు బేఫికర్ మేడం" అన్నాడు.

కౌసల్య కుర్చీ ముందుకు లాక్కుంది.

"వారంటీ కాగితం ముందు ఇవ్వండి. డబ్బా తరవాత తెరుద్దాం."

"డబ్బాలో ఉంటుంది మేడం, కొన్నాక..."

"కొన్నాక నేను ఇంట్ల చదువుకుంట. ఇప్పుడు ఇక్కడ చదువుత."

ఆయన ఎక్కడినుంచో ఒకటి తెచ్చి ఇచ్చాడు. కౌసల్య మొదటి అంశం చదివింది, ఆగింది, అర్థం చెప్పింది, ఔనా కాదా అని అడిగింది. ఆ వారంటీ షాపుదా, కంపెనీదా? చెడిపోతే మీరు తీసుకుంటారా, నేనే మోసుకుపోవాలా? ఏ ఊరికి? ఎన్ని రోజులు? బ్యాటరీకి ఎంతకాలం? ఏడాదే అయితే మూడేళ్ళు బేఫికర్ అని ఎందుకన్నారు? నీళ్ళు పడితే వర్తించే పథకం వేరే ఉందా? ఉంటే మీరెందుకు చెప్పలేదు, నేను అడిగేదాకా? అమ్మే మనిషి ముందు నవ్వాడు. తర్వాత చెమట తుడుచుకున్నాడు. పక్కన ఇంకో యంత్రం చూస్తున్న దంపతులు అది వదిలేసి ఇటు తిరిగి నిలబడ్డారు.

"ఇంకొకటి," అంది కౌసల్య. "బోర్డు పోతే, డిస్కు నాకిస్తరా, మీరు పెట్టుకుంటరా?"

"డిస్కా? అదెవరూ అడగరు మేడం."

"నేనడుగుతున్న. దాంట్ల మా అయ్య గొంతు ఉంటది. ఫోన్ చేసి కనుక్కోండి. ఇస్తమంటే ఆ మాట బిల్లు మీద రాసి ముద్ర వెయ్యండి. ఇయ్యమంటే ఇప్పుడే లేచిపోత."

ఆమె గొంతు అద్దాల షాపంతా వినబడుతోంది. సర్వీస్ సెంటర్ మెట్ల మీద లేచిన గొంతే అది. ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. మొహం మాడ్చుకుని, గోడవారగా బల్ల మీద కూర్చున్న ముసలాయన ముందు నిలబడ్డాడు.

"పెద్దమనిషీ, మీరన్నా చెప్పండి. ఇంకా కొననే లేదు, అప్పుడే కొట్లాటకు దిగిందేంది?"

నాగలింగాచారి దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఓనరు వంగాడు.

"కొట్లాడనియ్యి నాయనా," అన్నాడు గురువు. "కొన్నంక మీకు వినబడదు."